పద్దెనిమిదేళ్ళ టికెట్టు: జపానులో చవక ప్రయాణం చరిత్ర



రాజుల చరిత్ర, కోటల చరిత్ర, మన పెద్దలు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వలస వచ్చారనే చరిత్ర రాసేవాళ్ళు మన గుంపులో చాలామంది ఉన్నారు. మేము ముప్పై ఏళ్ళకు పైగా రైల్వే బుకింగు కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళం. అట్ట టికెట్టుకు తారీఖు కొట్టి ఇచ్చిన కాలం నుంచి కంప్యూటరు టికెట్టు కాలం దాకా చూశాం. మా చేతికి బాగా తెలిసింది టికెట్టు ఒక్కటే. అందుకని ఈసారి ఒక టికెట్టు చరిత్ర రాస్తున్నాం. అది మన దేశపుది కాదు, జపానుది. మన పిల్లలు ఇప్పుడు చదువుకీ ఉద్యోగానికీ జపాను పోతున్నారు కాబట్టి వాళ్ళకూ పనికొస్తుంది.

ఆ టికెట్టు పేరు సెయిషున్ జూహాచి కిప్పు. సెయిషున్ అంటే యౌవనం, జూహాచి అంటే పద్దెనిమిది, కిప్పు అంటే టికెట్టు. పేరు చూసి పద్దెనిమిదేళ్ళ కుర్రవాళ్ళకే ఇస్తారని అనుకోకండి. వయసు కట్టుబాటు మొదటి నుంచీ లేదు. ఎనభై ఏళ్ళ తాత కొన్నా అదే ధర, పదేళ్ళ పిల్లవాడికి కొన్నా అదే ధర. ఇది చేతిలో ఉంటే జపాను దేశమంతా జేఆర్ కంపెనీల ఆర్డినరీ బండ్లూ, ర్యాపిడ్ బండ్లూ రోజంతా ఎక్కి దిగవచ్చు. బుల్లెట్ రైలు షింకాన్‌సెన్ ఎక్కకూడదు. మన ఎక్స్‌ప్రెస్సులాంటి లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్సులు కూడా ఎక్కకూడదు. అంటే ఇది పూర్తిగా ప్యాసింజరు బండి టికెట్టు.

ఇది ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆ కాలం సంగతి కొంచెం చెప్పాలి. జపాను జాతీయ రైల్వే 1949లో ఏర్పడింది. 1964లో తోక్యో, ఒసాకా మధ్య షింకాన్‌సెన్ మొదలై లోకమంతా పొగిడింది. జాతీయ రైల్వే లెక్కలు నష్టంలోకి దిగింది కూడా ఆ ఏడాదే. పల్లె లైన్లలో జనం తగ్గిపోయారు, కార్లు పెరిగాయి, అప్పు మీద అప్పు చేరింది. 1976లో ఒక్కసారే సుమారు 50 శాతం చార్జీ పెంచారు. ఆ తరువాత కూడా దాదాపు ఏటా పెంచుతూ పోయారు. పెంచినకొద్దీ జనం బండి దిగిపోయారు. కౌంటరులో కూర్చున్న ఎవరికైనా ఈ కథ అర్థమవుతుంది. చార్జీ పెరిగిన వారం క్యూ చూస్తే చాలు, వేరే లెక్క అక్కర్లేదు.

1980లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని కింద నష్టపు లైన్లు 83 ఎంచి, జాతీయ రైల్వే వాటిని వదిలించుకోవాలని తీర్మానించారు. మొత్తం 3,100 కిలోమీటర్లకు పైమాటే. వాటిలో 45 లైన్లకు బదులు బస్సులు వేశారు. మిగతావి వేరే చిన్న కంపెనీల చేతికి పోయాయి.

అట్లాంటి కష్టకాలంలో, 1982 మార్చిలో ఈ టికెట్టు వచ్చింది. మొదట దాని పేరు సెయిషున్ జూహాచి నోబినోబి కిప్పు. నోబినోబి అంటే ఏ బాదరబందీ లేకుండా హాయిగా అని అర్థం. ధర 8,000 యెన్లు. ఒకరోజు చీటీలు మూడు, రెండురోజుల చీటీ ఒకటి, అన్నీ కలిపి అయిదు రోజులు. రోజుకు 1,600 యెన్లు పడింది. మరుసటి ఏడు నోబినోబి అనే మాట తీసేసి ఇప్పటి పేరు ఉంచారు. కొద్దికాలంలోనే ధర 10,000 అయింది.

దీని వెనక ఉన్న మనిషిగా సుదా హిరోషి గారి పేరు చెబుతారు. అప్పుడు ఆయన జాతీయ రైల్వేలో ప్రయాణికుల విభాగానికి పెద్ద అధికారి. భార్యాభర్తల వయసులు కలిపితే 88 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయ్యే జంటలకు 1981లో ఇచ్చిన ఫుల్ మూన్ పాసు కూడా ఆయన కాలంలోదే. తరువాత జాతీయ రైల్వేను ముక్కలు చేసినప్పుడు జేఆర్ తోకాయ్ కంపెనీకి ఆయనే మొదటి అధ్యక్షుడయ్యాడు.

చవక టికెట్టు ఇస్తే నష్టం పెరగదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఆ అధికారి తెలివి కనబడుతుంది. టికెట్టు ఏడాది పొడుగునా ఇవ్వలేదు. వసంతకాలం, ఎండాకాలం, చలికాలం, ఈ మూడు విడతల్లోనే ఇచ్చారు. అవి మూడూ బడి సెలవుల రోజులు. బడి ఉన్న రోజుల్లో ఆర్డినరీ బండ్ల నిండా సీజను టికెట్టు పిల్లలే. సెలవులిస్తే ఆ సీట్లన్నీ ఖాళీ. బండి ఎట్లాగూ నడవాలి, డ్రైవరుకు జీతం ఎట్లాగూ ఇవ్వాలి. ఖాళీ సీటులో ఒక మనిషి కూర్చుంటే వచ్చే డబ్బంతా మిగులే. పైగా అతను స్టేషనులో అన్నం పొట్లం కొంటాడు, దిగిన ఊళ్ళో టీ తాగుతాడు, తిండి తింటాడు. లైను మూసేయాలని చూస్తున్న పల్లెకు అది కూడా ఒక ఆసరా.

1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వే అయిపోయింది. అప్పటికి అప్పు సుమారు 37 లక్షల కోట్ల యెన్లు. ఆరు ప్రయాణికుల కంపెనీలు, ఒక సరుకు రవాణా కంపెనీ అని ఏడు ముక్కలు చేశారు. ఇల్లు పంచుకున్నప్పుడు ఉమ్మడి బావిని మాత్రం అందరూ వాడుకునేట్టు వదిలేస్తారే, అట్ల ఈ టికెట్టు ఆరు కంపెనీలకూ ఉమ్మడిగా మిగిలింది. హొక్కైదో నుంచి క్యూషూ దాకా ఒకే కాగితం చెల్లింది.

ఒకరోజు ప్రయాణాలకు దీన్ని ఎట్ల వాడుకున్నారో లెక్క చూపిస్తాం. 2019 చివరి నుంచి అయిదు రోజుల టికెట్టు 12,050 యెన్లు, అంటే రోజుకు 2,410. తోక్యో నుంచి నిక్కోకు, తొకుగావ ఇయెయాసు సమాధి గుడి ఉన్న ఊరికి, ఉత్సునోమియాలో బండి మారి పోవాలి. పోవడానికే మామూలు చార్జీ 2,600 యెన్లు దాటుతుంది. ఈ టికెట్టులో పోనూ రానూ కలిపి 2,410లోనే అయిపోతుంది. తోక్యో నుంచి అతామికి పోయి, సముద్రం పక్కన వేడినీళ్ళ స్నానం చేసి సాయంత్రానికి తిరిగి వచ్చినా గిట్టుతుంది. ఇంకా పట్టుదల ఉన్నవాళ్ళు తోక్యో నుంచి ఒసాకాకు 550 కిలోమీటర్లకు పైగా ఆర్డినరీ బండ్లలోనే పోతారు. నాలుగైదు చోట్ల మారాలి, తొమ్మిది గంటల పైన పడుతుంది. షింకాన్‌సెన్ అయితే రెండున్నర గంటలు. డబ్బు లేనివాడి దగ్గర టైము ఉంటుంది, ఆ టైమునే అతను చార్జీగా కడతాడు.

2019 వసంతంలో మేమూ మా ఇంటావిడా కొడుకు దగ్గరికి ఒసాకా పోయినప్పుడు ఈ టికెట్టు కొన్నాం. ఒకే కాగితం మీద అయిదు గళ్ళు. ఒక మనిషికి ఒక రోజుకు ఒక గడి. ఒకే మనిషి అయిదు రోజులు వాడుకోవచ్చు, అయిదుగురు ఒక్కరోజే వాడుకోవచ్చు. రోజులు వరసగా ఉండనక్కర్లేదు. ముగ్గురం కలిసి హిమెజి కోట చూడటానికి పోయాం, మూడు గళ్ళు అయిపోయాయి. మిగిలిన రెండు గళ్ళతో ఇంకోరోజు మేమిద్దరమే హికోనె పోయి, బివా సరస్సు ఒడ్డున ఉన్న పాత కోట చూసి వచ్చాం. ఈ కాగితం గేటు మిషనులో దూరదు. పక్కన నిలబడ్డ స్టేషను ఉద్యోగికి చూపిస్తే ఆయన తారీఖు ముద్ర కొట్టి, తల వంచి ఇచ్చాడు. ముద్ర సరిగ్గా గడి మధ్యలో పడింది. రోజుకు కొన్ని వందల టికెట్లకు తారీఖు కొట్టిన చెయ్యి కదా మాది, అది చూసి ముచ్చటపడ్డాం. మా ఇంటావిడ మటుకు, 'కోట చూడమంటే కాగితం చూస్తారేమండీ' అంది.

ఈ టికెట్టువాళ్ళకు ఒక రాత్రి బండి కూడా ఉండేది. తోక్యో నుంచి ఒగాకికి పోయే పాత రాత్రి బండిని 1996లో మార్చి మూన్‌లైట్ నగారా అని పేరు పెట్టారు. సీటు రిజర్వేషనుకు కొంచెం కట్టి, రాత్రంతా కూర్చుని పోతే తెల్లవారేసరికి ఒగాకి. అక్కడ ముందుకు పోయే బండికి మారాలి. సీటు కోసం జనమంతా మెట్లెక్కి పరిగెత్తేవాళ్ళు. ఆ పరుగుకు ఒగాకి డ్యాష్ అని పేరే పడిపోయింది. మన జోలార్‌పేటలో, కాట్పాడిలో అన్‌రిజర్వుడు పెట్టె కోసం పరిగెత్తినవాళ్ళకు ఈ పేరు వివరించనక్కర్లేదు. 2009లో ఆ బండిని సెలవు రోజుల బండిగా తగ్గించారు. 2020 వసంతం తరువాత మళ్ళీ నడవలేదు, 2021లో ఎత్తివేస్తున్నట్టు చెప్పేశారు.

టికెట్టు రూపం కూడా మారుతూ వచ్చింది. మొదట్లో చీటీలు విడివిడిగా ఉండేవి. కొందరు వాడుకోని చీటీలను పాత టికెట్లు అమ్మే అంగళ్ళలో ఇచ్చేసేవాళ్ళు, ఒక్కరోజే కావలసినవాళ్ళు అక్కడ కొనుక్కునేవాళ్ళు. అది ఆపడానికే 1996లో అయిదూ ఒకే కాగితం మీదికి తెచ్చారు.

తరువాతి దెబ్బ షింకాన్‌సెన్ వైపు నుంచి వచ్చింది. కొత్త బుల్లెట్ లైను పడితే, దాని పక్కన ఉన్న పాత లైనును జేఆర్ కంపెనీ వదిలేసి అక్కడి జిల్లా ప్రభుత్వాల కంపెనీకి ఇవ్వడం ఆనవాయితీ అయింది. 1997లో నగానో వైపు, 2002లో మొరియోకా పైన, 2015లో కనజావా వైపు, 2024లో త్సురుగా దాకా ఇట్లే జరిగింది. కొన్ని చోట్ల దాటిపోవడానికి మినహాయింపు ఇచ్చినా, చాలాచోట్ల ఈ టికెట్టు చెల్లదు, వేరే చార్జీ కట్టాలి. వేగం వచ్చిన ప్రతి దారిలోనూ నెమ్మదిగా పోయేవాడికి కొంత దారి మూసుకుపోయింది.

చివరికి 2024 చలికాలంలో పెద్ద మార్పు వచ్చింది. ఇప్పుడు రెండు రకాలు: మూడు రోజులది 10,000 యెన్లు, అయిదు రోజులది 12,050. వాడటం మొదలుపెట్టాక రోజులు వరసగానే వాడాలి. ఒక్క మనిషే వాడాలి. పంచుకోవడం లేదు. దీనికి బదులు కాగితం గేటు మిషనులో దూరుతుంది, ముద్ర కోసం ఆగనక్కర్లేదు. ఉద్యోగులు తగ్గిపోయిన స్టేషన్లలో ఇది కంపెనీకి సుళువు. ఆ న్యాయం మేము కాదనం. నూరుమంది క్యూలో ఉండగా అయిదు గళ్ళ కాగితం పట్టుకుని ఒకరు అడ్డం నిలబడితే ఎట్లుంటుందో మాకు తెలుసు. సుదా హిరోషి గారు కూడా ఆ 2024 డిసెంబరులోనే 93 ఏళ్ళ వయసులో పోయారు.

అయితే పోగొట్టుకున్నది ఏమిటో కూడా లెక్క వేయాలి. వరసగా అయిదు రోజులు తిరగాలంటే బసకు డబ్బు కావాలి, అయిదు రోజులు లీవు కావాలి. వారానికి ఒకరోజు సెలవు దొరికే అంగడి పనివాడు ఆదివారం ఆదివారం ఒక ఊరు చూసి, రాత్రికి ఇంటికొచ్చి పడుకునేవాడు. అతని చేతి నుంచి ఈ టికెట్టు జారిపోయింది. అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ ఒక కాగితం మీద పోయే పద్ధతి పోయింది. ధర అదే 12,050 ఉంది, పేరు అదే ఉంది. కాగితం ఎవరికోసమో అది మారింది. టికెట్టు చరిత్రలో ధరకంటే వెనకవైపు అచ్చేసిన షరతులే ఎక్కువ చెబుతాయని మా అనుభవం.

మన దక్షిణాదిన రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మొదటి బండి 1856లో నడిచింది. జపానులో మొదటి లైను 1872లో, షింబాషి నుంచి యోకొహామాకు. వయసులో మనమే పదహారేళ్ళు పెద్ద. మన దగ్గర అట్లాంటి సెలవుల టికెట్టు లేదు, కానీ ప్యాసింజరు చార్జీయే వాళ్ళ చవక టికెట్టుకంటే చవక. కొరోనా తరువాత ఈ బండ్లకు 30 రూపాయలైన కనీస చార్జీ 2024 ఫిబ్రవరిలో మళ్ళీ 10కి దిగింది. ఆ బండ్లలో మనం పనికి పోతాం, పెళ్ళికి పోతాం, చావుకు పోతాం. ఊరు చూడటానికి మటుకు పోము.

అందుకని సంఘం పెద్దల ముందు ఒక మాట పెడుతున్నాం. పిల్లల సెలవుల్లో ఒకరోజు, తిరుచ్చి నుంచి తంజావూరుకు ప్యాసింజరులో పోదాం. యాభై కిలోమీటర్లే. రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాసిన ఊరు అది. సరస్వతీ మహలులో మన తెలుగు తాటాకు ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. మనలో చాలామందికి, మాకూ, బడి చదువు తమిళంలోనే అయింది. తెలుగు అక్షరం ఇంట్లో నేర్చుకున్నాం. ఇప్పటి పిల్లలకు ఇంట్లో నేర్పేవాళ్ళు కూడా తక్కువ. ఆ తాటాకులు ఒక్కసారి కళ్ళతో చూస్తే, ఇది మనదేనా అని వాళ్ళే అడుగుతారు. పులిహోర, పెరుగన్నం పొట్లాలు ఇంటికొకరు తెస్తే తిండి ఖర్చు ఉండదు. టికెట్లు తీసే పని మాకు వదిలేయండి. వచ్చేవాళ్ళు తల ఎంచి కింద చెప్పండి, పెద్దలెందరు, పిల్లలెందరు అని విడివిడిగా రాయండి.