ఎంబీబీఎస్ విద్యార్థులకు సైనిక సేవా మార్గాలు: తెల్లాపూర్ నుంచి చూస్తే

ఎంబీబీఎస్ చదువుతూనే సైనిక రిజర్వులో చేరే ఏర్పాటు మన దేశంలో లేదు. అందువల్ల సంగారెడ్డి జిల్లా తెల్లాపూర్‌లో డాక్టరు కావాలని, యూనిఫాం వేసుకోవాలని రెండు కోరికలూ ఉన్న పిల్లలు తేల్చుకోవలసింది సంతకం ఎప్పుడు పెట్టాలన్నదే: ఇంటర్ అవగానేనా, పట్టా చేతికొచ్చాకనా.

తెల్లాపూర్‌కు సైన్యం పరాయి సంగతేమీ కాదు. పడమటి వైపు ఎద్దుమైలారంలో 1984లో వెలసిన ఆయుధ కర్మాగారం సైన్యానికి యుద్ధ వాహనాలు తయారుచేస్తోంది. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది.

మొదటి దారి పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల (ఏఎఫ్ఎంసీ, 1948). నీట్ ర్యాంకు తర్వాత అక్కడి సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఫీజు, వసతి ప్రభుత్వానివే. బదులుగా కనీసం ఏడేళ్ల సేవకు బాండు రాయాలి. మధ్యలో మానేస్తే లక్షల్లో కట్టాలి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల తన ముప్పయ్యో ఏడు దగ్గరపడేదాకా బతుకు ఎలా ఉండాలో ఆ స్టాంపు కాగితం మీద ఒప్పుకుంటోందన్న మాట. ఫీజు మిగులుతుందన్న లెక్క ఒక్కటే చూసి ఇంట్లోవాళ్లు పిల్లలచేత ఈ సంతకం పెట్టించకూడదు.

రెండోది ఆర్మీ మెడికల్ కోర్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్. ఎక్కడ చదివినా ఫర్వాలేదు. ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి, రిజిస్ట్రేషన్ ఉన్నవారు దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైతే కెప్టెన్ హోదా, లక్నోలో శిక్షణ, తొలి విడత అయిదేళ్లు. పొడిగింపులతో పద్నాలుగేళ్ల దాకా. పర్మనెంట్ కమిషన్‌కు పరీక్ష రాసే వీలూ ఉంది. మనసు ఇంకా కుదరనివారికి ఇదే మేలు. తోటివారు పీజీ సీట్లలో చేరుతున్న రోజుల్లో తాను ఏ సరిహద్దు శిబిరంలోనో రోగులను చూస్తుంటే కలిగే దిగులు మాత్రం చిన్నది కాదు. దాన్ని ముందే ఊహించుకోవాలి.

ఇవి కాక రిజర్వు సేవ అనగానే గుర్తొచ్చేవి మరో రెండున్నాయి. 1949లో మొదలైన టెరిటోరియల్ ఆర్మీ ఉద్యోగమో వృత్తో చేసుకుంటూ ఏటా కొంతకాలం సేవచేసే పౌరుల కోసం. సంపాదన లేని విద్యార్థి అధికారిగా చేరలేడు. విద్యార్థులు చేరగల ఎన్‌సీసీలోనేమో సైనిక సేవ చేసితీరాలన్న బాధ్యత లేదు, కాబట్టి అదీ రిజర్వు కాదు.

అమెరికా పద్ధతి వేరు. అక్కడ 1972 నాటి చట్టం ప్రకారం ఉపకారవేతనం తీసుకున్న వైద్య విద్యార్థి చదువుకుంటూనే రిజర్వు అధికారి అవుతాడు. డాక్టరయ్యాక పూర్తికాల సేవతో ఆ రుణం తీర్చాలి. అక్కడి పౌరులైన తెలుగు పిల్లలకూ ఈ అవకాశం ఉంది.

ఇక్కడి రెండు దారుల్లోనూ సైనిక వైద్యుల ఆరోగ్య పరీక్ష దాటాలి. చూపు, వినికిడి, కీళ్లు అన్నీ చూస్తారు. దరఖాస్తుకు ముందే దగ్గర్లో ఓసారి పరీక్ష చేయించుకుంటే, సరిదిద్దుకోగల లోపాలకు కాస్త వ్యవధి దొరుకుతుంది.