తండా నుంచి వేదికకు: మన ఫేటియా ప్రయాణం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ 1966లో మొదలైంది. సంగీతం కోసం పుట్టిన ఆ వేదిక క్రమంగా నాటకాలకు, సన్మానాలకు, పుస్తకావిష్కరణలకు, జానపద నృత్యాలకు కూడా నెలవైంది. దగ్గర్లోనే నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, కాస్త అవతల నారాయణగూడ. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే మన తండాల, గూడేల పిల్లలు ఎందరో ఈ వీధుల్లోనే గదులు తీసుకుని ఉంటారు. వాళ్ల ఒంటిమీద చుడీదార్లు, జీన్సులు. ఫేటియా, కాంచళి తండాలో అమ్మ పెట్టెలో ఉంటాయి. అవి బయటికొచ్చేది తీజ్‌కు, పెళ్లికి, ఇప్పుడు కొత్తగా 'గిరిజన ఫ్యాషన్ షో'కు.

ఫ్యాషన్ షో అన్న మాట వినగానే మన పెద్దల్లో కొందరు ముఖం చిట్లిస్తారు. నాకు ఆ మాటతో పేచీ లేదు. న్యూజిలాండ్‌లోని నెల్సన్ దగ్గర 1987లో సూజీ మోంక్రీఫ్ అనే శిల్పి ఒక పల్లె గ్యాలరీకి జనాన్ని రప్పించడానికి, గోడకు వేలాడే కళను మనిషి ఒంటిమీదికి తెచ్చి ప్రదర్శన పెట్టారు. 'వేరబుల్ ఆర్ట్' పేరుతో అది పెరిగి పెద్దదై, 2005లో వెల్లింగ్టన్ నగరానికి మారింది. మన స్త్రీలకు మాత్రం కళను గోడ మీద నుంచి దించే పని ఎప్పుడూ పడలేదు. తరతరాలుగా ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తిరిగిన జాతికి గోడ ఎక్కడిది? 17వ శతాబ్దంలో మొగల్ సేనలకు తిండిగింజలు మోస్తూ దక్కనుకు వచ్చినవాళ్లలో మన పూర్వీకులున్నారు. ఉన్నదంతా ఒంటిమీదే మోయాలి. అందుకే నాణేలు, గవ్వలు, అద్దాలు, ఊలు కుచ్చులు బట్టలోకే చేరాయి. చిన్న చిన్న పేలికలు కూడా పారేయకుండా అతికి కుట్టేవారు.

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. రైళ్లు, రోడ్లు పెరిగేకొద్దీ ఎద్దుల రవాణా కూలిపోయింది. 1871 నాటి నేరజాతుల చట్టం కింద దేశంలో ఎన్నో బంజారా సమూహాల మీద దొంగల ముద్ర పడింది. ఆ ముద్ర పడ్డవాళ్లకు ఈ వేషమే దూరం నుంచి పట్టించే గుర్తు. స్వాతంత్ర్యం తర్వాత అదే వేషాన్ని గణతంత్ర ఉత్సవాలకు ఢిల్లీకి పిలిచారు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. వేషాన్ని చూసి చప్పట్లు కొట్టినవాళ్లు కుట్టినామె ఎవరని అడిగింది తక్కువ.

హాస్టల్ వార్షికోత్సవాలకు పిల్లల్ని తయారుచేసే పనిలో నాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని చెబుతాను. ఫేటియాను ఎండలో, గుండ్రంగా తిరిగే ఆటలో, చేయిచాపు దూరం నుంచి చూడటానికి కుట్టారు. అద్దం ఎండను పట్టి విసరాలి, గజ్జెలు వినబడాలి. హాల్లో ప్రేక్షకులు ఒకే వైపు ఉంటారు. రంగురంగుల లైట్లు వేస్తే ఎరుపు, నలుపు కలిసిపోతాయి. స్పీకర్ల హోరులో గజ్జెలు పోతాయి. తెల్లని లైటు పక్కనుంచి వేయాలి, పాట తగ్గించాలి. అమ్మాయి ఆగి వెనక్కి తిరగాలి. టుక్రి పనితనం వెనకే ఉంటుంది. అద్దెకు దొరికే ప్లాస్టిక్ అద్దాల దుస్తులు ఎంత లైటు వేసినా మెరవవు. అవి కట్టించేకన్నా ఊరుకోవడం మేలు.

ఇంకొకటి. ఘుగ్రీ టోప్లి, మోచేతి పైన బలియాలు పెళ్లయిన స్త్రీకి గుర్తులు. ఇంటర్ చదివే పిల్లకు అవి పెట్టి స్టేజీ ఎక్కిస్తే ముందు వరుసలో కూర్చున్న యాడి తల దించుకుంటుంది. అందంగా ఉందని పెట్టేది కాదు అది.

గోండు సోదరుల గుస్సాడీ నెమలి ఈకల కిరీటం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దండారీ రోజుల్లో అది పూజలందుకునేది. ధరించినవాడు దీక్షలో ఉంటాడు. మార్లవాయి కనకరాజు ఆ నృత్యాన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్లారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో కన్నుమూశారు. గుస్సాడీ ఎవరిదో, ఏ ఊరిదో ఆయన పేరుతో దేశానికి తెలిసింది. మోడల్ నడకకు ఆ కిరీటం పెట్టించమని అడగకూడదని నా అభిప్రాయం.

మన కుట్టుపనికి అలాంటి పేరు ఇంకా రాలేదు. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు 2010లోనే వచ్చింది. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో, మరుగునపడుతున్న కుట్లను పెద్ద వయసు స్త్రీల దగ్గర నేర్చుకుని, పడుచులు 'పోర్‌గై' పేరుతో సంఘంగా నిలబడ్డారు. పోర్‌గై అంటే మన మాటలో గర్వమే.

బంజారాహిల్స్‌లో 2022 సెప్టెంబరు 17న సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమైంది. అక్కడైనా, చిక్కడపల్లి హాల్లోనైనా, రేపు మన సంఘం ఇలాంటి ప్రదర్శన పెడితే వ్యాఖ్యాత చేతి కాగితంలో అమ్మాయి పేరుకన్నా ముందు కుట్టినామె పేరు, తండా, మండలం, ఎన్ని నెలలు కుట్టిందో రాసి ఉండాలి. ఆమెను పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టాలి. బస్సు చార్జీ, రాత్రి బస ఖర్చు శాలువాలకు, మెమెంటోలకు పెట్టే డబ్బులోంచి ఇవ్వొచ్చు.