వెంట్రుకవాసి సందు

పోయిన సంక్రాంతికి పల్లీ పాకం ఉండ కొరుకుతుంటే అమ్మ దవడపన్ను క్యాప్ ఊడి, ఉండకే అంటుకుని వచ్చేసింది. కడిగి అరచేతిలో పెట్టుకుని చూశాను. పదిహేనేళ్ల కిందట వేయించుకున్న క్యాప్ అది. పైన పింగాణీ మెరుపు ఏమాత్రం తగ్గలేదు. తిరగేస్తే లోపల గోధుమరంగు ముద్ద, కుళ్లు వాసన. మిగిలిన పన్నును డాక్టరమ్మ సూదిమొన పరికరంతో తాకితే మెత్తగా దిగబడింది. "ఒక్కనాడన్నా నొప్పెట్టలేదమ్మా!" అని అమ్మ ఒకటే బాధ. నొప్పెలా పెడుతుంది? రూట్ కెనాల్ చేసిననాడే ఆ పంటి నరం తీసేశారు. కబురు చెప్పే నరం లేకపోతే పుచ్చు సడిచప్పుడు లేకుండా తినుకుంటూ పోతుంది.

అమ్మ క్యాప్ అరగలేదు, విరగలేదు. పోయిందల్లా అది పంటితో కలిసే అంచు. ఈ తొడుగుల చరిత్ర తిరగేస్తే మొదటినుంచీ తంటా ఆ అంచు దగ్గరే.

పళ్లకు బంగారం వాడటం పాత సంగతే. ఇటలీలో ఎట్రుస్కన్లు క్రీస్తుకు ఆరేడు వందల ఏళ్ల ముందే కట్టుడు పళ్లను బంగారు పట్టీలతో పక్క పళ్లకు బిగించారు. ఇవాళ్టి క్యాప్‌కు దగ్గరి పూర్వీకులు మాత్రం ఫ్రాన్సులో కనిపిస్తారు. పైభాగం పోయిన పంటి వేరులోకి చిన్న మేకు దించి, దానిమీద కొత్త పన్ను నిలబెట్టడం ఎలాగో పియర్ ఫోషార్ 1728లో తన దంతవైద్య గ్రంథంలో రాశాడు. 1746లో క్లోడ్ మూటన్ బంగారు తొడుగును వివరించాడు.

19వ శతాబ్దం చివరికి అమెరికాలో పలుచని బంగారు రేకును డొప్పలా ఒత్తి, సిమెంటుతో పంటిమీద దించేయడం మామూలైపోయింది. చాలా డొప్పలు పంటి మెడ దగ్గర వదులు. ఆ సందులో తిండి చేరేది, చిగురు వాచేది, చీము పట్టేది. 1910లో విలియం హంటర్ అనే లండన్ వైద్యుడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, ఇవి చీముమీద కట్టిన బంగారు సమాధులన్నట్టుగా దుయ్యబట్టాడు. పైన పటారం, లోన లొటారం! ఆయన కళ్లారా చూసింది అబద్ధం కాదు. ఆ మాట పుట్టించిన భయమే దారితప్పింది. ఒంట్లో ఏ జబ్బొచ్చినా పళ్లదే నేరమంటూ ఆ తర్వాత ఏళ్లతరబడి నిలిచే పళ్లను కూడా పీకేశారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అంచును బిగువుగా కూర్చే ఉపాయం అంతకు మూడేళ్ల ముందే, 1907లో వచ్చింది. విలియం టాగర్ట్ అనే అమెరికన్ దంతవైద్యుడు మైనంతో రూపం చేసి, చుట్టూ అచ్చు పోసి, మైనం కరిగించేసి, ఆ ఖాళీలోకి బంగారం పోశాడు. మన ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు పోసేదీ ఇదే సూత్రంతో. మొదట పంటి గుంటల్లో కుదిరే పూరకాలకు వాడినా, తొడుగులకూ అదే దారైంది. డెట్రాయిట్‌లో చార్లెస్ లాండ్ అనే దంతవైద్యుడు పింగాణీ తొడుగులు చేశాడు. అందంగా ఉన్నా ఇట్టే పగిలేవి. 1960ల నుంచి లోహంమీద పింగాణీ అతికించిన క్యాప్‌లు వ్యాపించాయి. చిగురు కిందికి జారితే వాటి అంచున నల్లటి గీత బయటపడుతుంది. అది చూసి చాలామంది హడలిపోతారు. ఒట్టి గీత లోహం జాడే, పుచ్చు కాదు.

అంచు ఎంత బిగువుగా ఉండాలి? 1971లో మెక్‌లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధకులు వెయ్యికి పైగా దంత పూరకాలు, తొడుగులు పరిశీలించి, 120 మైక్రాన్ల దాకా సందు ఉన్నా ఫరవాలేదన్నారు. అంటే కాస్త లావుపాటి వెంట్రుక మందం. సూక్ష్మజీవి ఒక్కోటి సుమారు ఒక మైక్రానే. వాటికి అది రాజవీధి. ఆ దారికి అడ్డం సన్నటి సిమెంటు పొరే. అది కరుగుతుంది, కడుక్కుపోతుంది.

లోపలి సంగతి తెలిసేదెలా? పళ్లతో బిళ్ల కొరికిపట్టించి తీసే ఎక్స్‌రేను 1925లో హోవర్డ్ రేపర్ అనే దంతవైద్యుడు తెచ్చాడు. రెండు పళ్ల నడుమ అంచు అందులో తెలుస్తుంది. లోహం కిందిది మాత్రం కనబడదు, తెల్లగా కప్పేస్తుంది. బుగ్గవైపు, నాలుకవైపు అంచుల్ని అందుకే మొన పరికరంతో చుట్టూ తడిమి చూస్తారు. నున్నగా జారుతూ వచ్చిన మొన ఒకచోట తట్టుకుందంటే అక్కడ అనుమానం.

ఇంట్లో మనకు తెలిసేవీ ఉన్నాయి. ఫ్లాస్ ఎప్పుడూ ఒకేచోట పీచులు లేవడం, ఇదివరకు లేనిది అక్కడే తిండి ఇరుక్కోవడం, తోముకున్నా పోని వాసన, కొరికితే క్యాప్ ఊగినట్టు తోచడం, ఆ ఒక్క పంటి చుట్టూ నెత్తురు. వీటిలో ఏది కనిపించినా నొప్పి కోసం కాచుకుని కూర్చోవద్దు. పదేళ్లు దాటిందన్న ఒక్క కారణంతో బిగువుగా ఉన్న క్యాప్‌ను పీకించుకోనక్కరలేదు కూడా.

అమ్మ విషయంలో రెండేళ్లుగా వాసన వస్తూనే ఉంది. చిగుళ్లదనుకుని పేస్టులు మార్చాం. పన్ను సగం పోయినా వేరు గట్టిగానే ఉందని ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ చెప్పింది. కుళ్లంతా గీకేసి, వేరులోకి సన్నటి ఫైబర్ మేకు దించి, దానిమీద కొత్త క్యాప్ నిలబెట్టింది. ఫోషార్ రాసిన దారే.