ఆణిముత్యాలను ఏరిందెవరు?

అట్టమీద 'ఆణిముత్యాలు' అనో 'హిట్స్' అనో కనబడగానే, ఒక బృందం పాడినవాటిలో మేలైనవన్నీ ఒకచోట చేర్చారని నమ్ముతాం. అమెరికా ఆల్టర్నేటివ్ రాక్ బృందం ఆర్.ఇ.ఎం. విషయంలో ఆ నమ్మకం నిలవదు. పాట ఎంత మంచిదన్నది తర్వాతి మాట. దాని రికార్డింగు ఎవరి సొత్తన్నదే ముందు తేలాలి. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో 1980లో జతకట్టిన ఈ నలుగురూ 1982 నుంచి 1987 దాకా ఐ.ఆర్.ఎస్. కంపెనీకి ఒక చిన్న రికార్డు, అయిదు ఆల్బమ్‌లు చేసి, ఆపైన వార్నర్ బ్రదర్స్‌కు మారారు. 1988 అక్టోబరులో పాత కంపెనీ 'ఎపానిమస్' అనే సంకలనం తెచ్చింది. మరుసటి నెలలోనే కొత్త కంపెనీ నుంచి 'గ్రీన్' వచ్చింది. ఈ రెండు తేదీలూ కాకతాళీయంగా కలిశాయనుకోలేం. బృందం చేజారాక ఐ.ఆర్.ఎస్. చేతిలో మిగిలింది పాత టేపులే మరి.

ఆ పుట్టుక వ్యాపారానిదే అయినా, 'ఎపానిమస్'ను నాసిరకం సరుకని తోసెయ్యడం అన్యాయం. బృందం సహకారంతో వచ్చిన ఆ పన్నెండు పాటల్లో, 'రేడియో ఫ్రీ యూరప్'ను 1981లో హిబ్-టోన్ అనే చిరు సంస్థ సింగిల్‌గా వేసినప్పటి తొలి రూపంలోనే వినవచ్చు. అసలు గోడ ఎక్కడుందో 2003లో వార్నర్ తెచ్చిన 'ఇన్ టైమ్' చూపిస్తుంది. 1988కి ముందరి రికార్డింగు అందులో ఒక్కటీ లేదు. 1987లో అమెరికా టాప్ టెన్‌లోకి ఈ బృందాన్ని మొదటిసారి చేర్చిన 'ది వన్ ఐ లవ్' కూడా లేదు. అయితే బృందం తొలిరోజుల్లో కట్టుకున్న 'ఆల్ ది రైట్ ఫ్రెండ్స్' ఉంది. 'వెనిల్లా స్కై' సినిమా కోసం 2001లో దాన్ని కొత్తగా రికార్డు చేశారు. ఎనభైల నడుమ మొదలెట్టి పక్కన పెట్టిన 'బ్యాడ్ డే' కూడా పూర్తయి ఇందులో చేరింది. రాసిన ఏడు ఏదైనా, టేపు కొత్తదైతే పాటకు దారి దొరికింది. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఎంపికలో కళాకారుల అభిరుచి లేదా అని అడగవచ్చు. ఉంది. 1991లో అమెరికాలో పదో స్థానానికి చేరిన 'షైనీ హ్యాపీ పీపుల్'ను 'ఇన్ టైమ్'లోకి రానివ్వలేదు. ఐ.ఆర్.ఎస్. కాలపు పాటలతో 2006లో వచ్చిన సంకలనంలోనూ సభ్యులు తమకు నచ్చినవి ఎంచుకున్నారు. కానీ అభిరుచి కంచె లోపల తిరిగింది. కంచె వేసింది ఒప్పందం. కొత్త శ్రోతకు ఇలాంటి ఆల్బమే తొలి గడప కదా అన్నది మరో మాట. అదీ నిజమే, అందుకే ఈ కోత నాకు బాధగా తోస్తుంది. ఆ గడపలోంచి వచ్చినవాడికి సగం ఇల్లే కనబడుతుంది, మిగతా సగం ఉందని అట్ట చెప్పదు. 'ఇన్ టైమ్' అట్టమీద 1988–2003 అని వేసి కొంత నిజాయితీ చూపారు, అంతే. ఆ బృందం విడిపోతున్నట్టు 2011 సెప్టెంబరు 21న ప్రకటించింది. రెండు కంపెనీల పాటలూ కలిసిన తొలి హిట్స్ ఆల్బమ్, నలభై పాటలతో, ఆ నవంబరులో వచ్చింది.