నగరి క్వార్ట్‌జైట్: నీరు, ఖనిజం, భూప్రకంపనలపై ప్రభుత్వ పరిశోధన – ఒక పరిశీలన

నగరి అంటే మనకు మరమగ్గాలు, తమిళనాడు సరిహద్దు, చెన్నై దారి. భూవిజ్ఞాన గ్రంథాల్లో మాత్రం నగరి ఒక రాతి పేరు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాసముదాయాల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ కాలం నుంచి ఈ కొండల రాయి నగరి క్వార్ట్‌జైట్ అనే పేరుతోనే నడుస్తోంది. మద్రాసు రేవుకు వచ్చే ఓడలవాళ్లు దూరం నుంచే గుర్తుపట్టిన నగరి ముక్కు, సుమారు 2,800 అడుగుల శిఖరం, ఆ రాయే. తిరుమల కొండ కూడా ఆ రాయే.

ఈ వ్యాసం వాదన ఇది. నగరి ప్రాంతంలో నీటి గురించి అడిగినా, ఖనిజాల గురించి అడిగినా, నేల కంపించడం గురించి అడిగినా జవాబు వెతకాల్సిన చోటు ఒకటే: ఈ క్వార్ట్‌జైట్‌లోని పగుళ్లు, కింద ఉన్న గ్రానైట్‌తో అది కలిసే అంచు. ప్రభుత్వ పరిశోధన మొదట్లో ఆ మూడింటినీ ఒకే కార్యాలయం నుంచి చూసింది. తరువాత శాఖలవారీగా పంచుకుంది. ఆ పంపకంలో ఎక్కువగా నష్టపోయింది భూగర్భజలమే.

రాయి సంగతి ముందు చూద్దాం. తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లే ఘాట్ రోడ్డులో కొండను తొలిచిన చోట కింద గ్రానైట్, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ కనిపిస్తాయి. కిందిది ఆర్కియన్ యుగానిది. పైది ప్రొటెరోజోయిక్ యుగంలో నీటి అడుగున పేరుకుని గట్టిపడిన ఇసుక. రెండింటి మధ్య కాలం పదుల కోట్ల ఏళ్లు. ఆ కాలమంతా గ్రానైట్ ఎండకూ వానకూ అరిగింది, పైన ఏ పొరా మిగల్లేదు. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పిలిచే ఈ తెగుదల రేఖను సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. కొండమీది శిలాతోరణం కూడా అలాంటి స్మారకమే. తోరణం ముందు ఫొటో దిగే భక్తుల్లో కింది రేఖను చూసినవాళ్లు ఎంతమందో మరి!

ఈ రాయి వరసలో ఎక్కడ నిలుస్తుందన్నది కూడా చర్చకు గురైన విషయమే. కింగ్ కడప సముదాయాన్ని పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని నాలుగు వర్గాలు చేసి, నగరి క్వార్ట్‌జైట్‌నూ దాని పైనున్న పుల్లంపేట పలకరాళ్లనూ చెయ్యేరు వర్గంలో ఉంచాడు. 1987లో భారత భూవైజ్ఞానిక సమాజం ప్రచురించిన పురాణ శిలాద్రోణుల సంపుటంలో మాత్రం ఈ రెండూ నల్లమల వర్గంలో చేరాయి. నగరి క్వార్ట్‌జైట్ బైరేనికొండ క్వార్ట్‌జైట్‌కు, పుల్లంపేట పొర కంభం పొరకు సాటి అయ్యాయి. ఇది పండితుల పేచీలా కనిపిస్తుంది గానీ ఖనిజాన్వేషణకు ఇది అవసరమైన లెక్క. ప్రపంచంలోనే అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటైన మంగంపేట ఈ పుల్లంపేట పొరలోనే ఉంది. సుమారు 7.4 కోట్ల టన్నుల ఆ నిక్షేపం, కింగ్ గీసిన పటంలో నగరి రాయికి ఒక మెట్టు పైన ఉంటుంది. పొర ఏ వర్గానిదో తేలకపోతే అలాంటి మరో నిక్షేపం కోసం ఎక్కడ వెతకాలో కూడా తేలదు.

ఇక సంస్థల చరిత్ర. థామస్ ఓల్డ్‌హామ్ 1851లో కలకత్తాకు వచ్చి సర్వేక్షణ సంస్థను స్థాపించింది ముఖ్యంగా బొగ్గు కోసం. అయితే భారత భూకంపాల జాబితాను తయారుచేసిందీ ఆయనే. ఆయన మరణానంతరం, 1883లో, కొడుకు రిచర్డ్ దాన్ని సంస్థ సంపుటంలో వెలువరించాడు. 1897 అస్సాం భూకంపాన్ని అధ్యయనం చేసి, ఆ తరువాత పలు భూకంపాల తరంగాల లెక్కల నుంచి 1906లో భూమికి ఒక కేంద్రకం ఉందని చెప్పింది ఆ రిచర్డే. అంటే ప్రపంచ భూకంప శాస్త్రంలో ఒక మూలమలుపుకు దారి మన సర్వే కార్యాలయపు పనిలోంచి మొదలైంది.

థామస్ ఓల్డ్‌హామ్ కాలంలోనే దక్షిణాన రాబర్ట్ బ్రూస్ ఫూట్ పాలారుకు ఉత్తరాన ఉన్న మద్రాసు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాలను పటం గీశాడు. 1863 సెప్టెంబరులో ఫూట్, కింగ్ ఇద్దరూ కొసస్థలై లోయలోని అత్తిరంపాక్కంలో పాతరాతియుగపు పనిముట్లు కనుగొన్నారు. ఆ పనిముట్లు క్వార్ట్‌జైట్‌వి. అదే చోట తరువాత జరిగిన తవ్వకాల ఫలితంగా వాటి వయసు 15 లక్షల ఏళ్లని 2011లో తేలింది. ఆ నదికి నగరి వైపు పేరు కుశస్థలి. రాయి, నది, మనిషి ముగ్గురూ ఒకే సర్వేయరు సంచిలోకి చేరిన రోజులవి.

స్వాతంత్ర్యం వచ్చాక పని పెరిగింది, సంస్థలూ పెరిగాయి. గనుల పర్యవేక్షణకు 1948లో ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్, అణుఖనిజాలకు 1949లో మొదలై ఇప్పుడు అటమిక్ మినరల్స్ డైరెక్టరేట్‌గా ఉన్న విభాగం, గొట్టపుబావుల అన్వేషణకు 1954లో మరో సంస్థ వచ్చాయి. ఈ చివరిదే 1970లో కేంద్ర భూగర్భజల మండలి అయింది. 1972లో సర్వేక్షణ సంస్థలోని భూగర్భజల విభాగాన్ని కూడా అందులో కలిపేశారు. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. భూకంపాల నమోదు వాతావరణ శాఖ చేతిలో చాలాకాలం ఉండి, 2014లో జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రానికి మారింది. ప్రతి ఏర్పాటుకూ దాని కారణం దానికుంది. 1972 నాటి విలీనాన్ని మాత్రం నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. ఆ రోజు నుంచి రాయిని పటం గీసేవాళ్లు వేరు, రాతిలో నీటిని లెక్కపెట్టేవాళ్లు వేరు అయ్యారు.

నగరి సర్వే పటం 57ఓ/11ను తీసుకుంటే దీని ఫలితం తెలుస్తుంది.

క్వార్ట్‌జైట్ రేణువుల మధ్య ఖాళీలు దాదాపు ఉండవు. నీరంతా పగుళ్లలోనే. కొండమీద పడిన వాన నిలువు పగుళ్లలో దిగి, పొరల మధ్య నడిచి, లోయలో ఊటగా బయటపడుతుంది. పుత్తూరు–నారాయణవనం వైపున్న కైలాసకోన జలపాతం వర్షాకాలం పోయాక కూడా పారుతుందంటే, కొండ లోపల ఆ మేరకు నిలువ ఉందన్నమాట. కొండ పాదంలో రాళ్లూ మొరమూ కలిసిన వాలు, దాని దిగువన గ్రానైట్ చేలు. అక్కడ నీరు రెండు చోట్లే దొరుకుతుంది: పైన శిథిలమై మెత్తబడిన రాతిలో, కింద గట్టి బండలోని పగుళ్లలో. బోర్లు వేసేవాళ్లు ఈ రెండోదాన్ని గ్యాపు అంటారు. గ్యాపు తగిలితే రైతు బతికాడు, లేకపోతే అప్పు మిగిలింది.

ప్రభుత్వం ఈ నీటిని ఎలా లెక్కపెడుతుంది? భూగర్భజల అంచనా కమిటీ 1997లో ఇచ్చిన పద్ధతే ఇప్పటికీ పునాది. 2015లో దాన్ని సవరించారు. వానలో నేలలోకి ఇంకేది బంకమన్ను తక్కువున్న శిథిల గ్రానైట్‌కు 11 శాతం, క్వార్ట్‌జైట్‌కు 6 శాతం అని 1997 పద్ధతి సూచించింది. ఏడాదిలో ఇంకిన దాంట్లో 70 శాతం దాకా తోడితే సురక్షితం, 100 దాటితే అతివినియోగం. లెక్క సరళమే. కానీ అందులో ఒక నిబంధన ఉంది: 20 శాతం కంటే ఎక్కువ వాలున్న కొండ భూమిని ఇంకుడు లెక్కలోంచి తీసేయాలి. వాలు మీద నీరు నిలవదు, జారిపోతుందన్నది దాని వెనుక ఆలోచన. దేశం మొత్తానికి చూస్తే అది సబబైన ఊహే.

నగరి కొండల విషయంలో ఆ ఊహ నిలవదు. ఇక్కడ వాలంటే పగిలిన పొరల అంచు. ఆ కొండ నీటిని కిందికి పంపుతుందని ఏడాది పొడవునా పారే ఊటే చెబుతోంది. 2015 సవరణలో ఊటల ప్రవాహాన్ని అదనపు వనరుగా విడిగా లెక్కించే వీలు కల్పించారు. అయితే ఊటగా కంటికి కనిపించకుండా నేరుగా కొండవాలు మొరంలోకి, అక్కడి నుంచి కింది బావుల్లోకి దిగే నీటికి ఆ లెక్కలోనూ చోటు లేదు. ఫలితంగా కొండ పాదంలోని గ్రామానికీ, కొండకు దూరంగా బట్టబయలు గ్రానైట్ మీదున్న గ్రామానికీ ఒకే కొలత పడుతుంది. శిలాపటం గీసినవాళ్లూ నీటి లెక్క వేసినవాళ్లూ ఒకే బల్ల ముందు కూర్చుని ఉంటే ఈ నిబంధనకు ఇక్కడ ఒక మినహాయింపు రాసి ఉండేవారని నా అభిప్రాయం.

దిగువన జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. కుశస్థలి తమిళనాడులో కొసస్థలైగా మారి, 1944లో కట్టిన పూండి జలాశయానికి చేరుతుంది. చెన్నై దాహం కోసం 1960లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఆరణి–కొసస్థలై మైదానాన్ని అధ్యయనం చేసి మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కం బోరు క్షేత్రాలను గుర్తించారు. తోడకం పెరిగాక మీంజూరు వైపు సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొచ్చింది. ఆ చొరబాటును కొలిచారు, నమూనాలు కట్టారు, అది పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. ఒకే నదికి దిగువన నగరం ఉంది గనక సూక్ష్మమైన అధ్యయనం దొరికింది. ఎగువన రైతులు ఉన్నారు గనక సగటు లెక్క దొరికింది.

ఖనిజాల వైపు ఇంకో చిక్కు. చిత్తూరు ప్రాంతపు గ్రానైట్‌ను కోస్తూ డోలరైట్ నల్లరాయి గోడలు మైళ్ల కొద్దీ పోతాయి. గనుల శాఖకు అవి కోసి, మెరుగుపెట్టి ఎగుమతి చేసే సరుకు. నీటి శాస్త్రానికి అవి నేలలోపలి అడ్డుకట్టలు. నీరు ఎగువ పక్కన ఆగి బావులు ఊరుతాయి. తవ్వకం నీటిమట్టం కిందికి దిగితే ఆ కట్టకు గండి పడుతుంది. కుశస్థలి, ఆరణియార్ ఇసుక కథా అదే. చట్టం ప్రకారం ఇసుక ఒక చిన్నతరహా ఖనిజం, టన్నుకింత అని రాబడి. ఊటకాలువల మీద ఆధారపడిన ఆయకట్టుకు మాత్రం ఆ ఇసుకే జలాశయం. దానికితోడు బట్టల అద్దకం నీళ్లు ఏట్లోకి వదిలితే ఇసుక పలుచబడినకొద్దీ వడకట్టే శక్తీ తగ్గుతుంది. ఈ మూడు విషయాలు మూడు కార్యాలయాల ఫైళ్లలో ఉంటాయి. కుప్పం వైపు కోలారు శిలాపట్టీ కొనసాగింపులో ఉన్న చిగురుగుంట బంగారం గురించి సర్వేలూ తవ్వకాలూ జరిగినంతగా, పక్క గ్రామాల బోరు లోతుల గురించి జరగలేదు.

భూప్రకంపనల విషయానికొస్తే, రాయలసీమ దక్షిణ భాగం ప్రమాదకరమైన ప్రాంతం కాదు. 1967 ఒంగోలు, 1969 భద్రాచలం భూకంపాల వంటివి ఇక్కడ నమోదు కాలేదు. 2002లో సవరించిన భూకంప మండలాల పటంలో చెన్నై 2వ మండలం నుంచి 3కు మారింది. నగరి దాని పడమటి పొరుగున ఉంది. అసలు ఆలోచించాల్సింది చిన్న ప్రకంపనల గురించే. 2021 నవంబరులో చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో కుండపోత వానలు పడ్డాయి. ఆ నెలలోనే రామకుప్పం మండలంలోని కొన్ని పల్లెల్లో నేలలోంచి శబ్దాలు వచ్చి, గోడలు కంపించి, జనం రాత్రంతా బయటే గడిపారు. తిరుపతిలో ఒక ఇంట్లో భూమిలో దింపిన సిమెంటు వరల నీటితొట్టి శుభ్రం చేస్తుండగా పైకి లేచింది. అది భూకంపం కాదు: చుట్టూ నేల నీటితో నిండి ఉండగా ఖాళీ అయిన తొట్టిని కిందినుంచి నీటి ఒత్తిడి ఎత్తింది. రామకుప్పం శబ్దాలకు కారణం వేరు కావచ్చు గానీ అనుమానించాల్సిన శక్తి అదే. వాననీరు లోతైన పగుళ్లలోకి దిగితే అక్కడి పీడనం పెరిగి, అప్పటికే బిగువుగా ఉన్న రాయి కొద్దిగా జారుతుంది. దేశంలో మరికొన్ని చోట్ల వానాకాలం తరువాత వచ్చిన చిన్న ప్రకంపనలను శాస్త్రజ్ఞులు ఈ విధంగానే వివరించారు.

ఈ వివరణ రామకుప్పానికి వర్తిస్తుందో లేదో తేల్చాలంటే రెండు రకాల సమాచారం పక్కపక్కన ఉండాలి: ప్రకంపన వచ్చిన క్షణం, లోతు ఒకటి; ఆ చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం రోజురోజుకూ ఎంత పెరిగిందన్నది ఇంకొకటి. మొదటిది భూకంప విజ్ఞాన కేంద్రం పని, రెండోది భూగర్భజల శాఖ పని. దూరంగా ఉన్న పరికరాలకు అంత చిన్న కుదుపు సరిగా అందదు. మూడు నెలలకోసారి కొలిచే బావిలో వారం రోజుల పొంగు కనపడదు.

రైతుకు తెలిసిన సమాచారం ఎవరి దగ్గరా లేకపోవడం ఇందులో వింత. బోరు వేసిన ప్రతిసారీ ఎన్ని అడుగుల దాకా మొరం వచ్చింది, కేసింగ్ ఎంతవరకు దించారు, బండ ఎక్కడ తగిలింది, గ్యాపు ఏ లోతున, ఎన్ని అంగుళాల నీళ్లు అన్నది రిగ్గు మీదివాళ్లకు తెలుసు. ఇది సర్వే సంస్థ ఎంత ఖర్చుపెట్టినా సంపాదించలేని రాతి సమాచారం. బిల్లు కట్టి రిగ్గు వెళ్లిపోయాక అది ఎవరి పుస్తకంలోనూ మిగలదు. మళ్లీ పక్క చేలో బోరుకు కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసేవాణ్ణి పిలుస్తారు. వాళ్లను ఎగతాళి చేయడం సులువు. ఇంతకంటే మెరుగైన సమాచారం రైతు ముందు పెట్టలేకపోయిన మనం ఆ ఎగతాళికి అర్హులం కాము.

2002 నాటి వాల్టా చట్టం కొత్త బావికి అనుమతినీ, రిగ్గులకు రిజిస్ట్రేషన్‌నూ తప్పనిసరి చేసింది. చట్టం ఉంది, కాగితం ఉంది. ఆ కాగితంలో బోరు లోతులవారీ రాతి వివరం ఒక గడిగా చేరాలి. నగరి పటం 57ఓ/11 పరిధిలోని అనుమతులతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, వచ్చిన వివరాలను సర్వేక్షణ సంస్థ శిలాపటం మీద, భూగర్భజల శాఖ నీటిమట్టాల పక్కన బహిరంగంగా ఉంచాలి. 2022 జిల్లాల విభజనలో నగరి చిత్తూరు జిల్లాలోనూ, పుత్తూరు తిరుపతి జిల్లాలోనూ పడ్డాయి. కొండ రెండింటికీ ఉమ్మడిదే. ఆ పని మొదలుపెట్టే బాధ్యతను రెండు జిల్లాల భూగర్భజల అధికారులూ కలిసి తీసుకోవాలని ఈ వ్యాసకర్త విజ్ఞప్తి.