ఖాళీ ఖజానా కథ: శ్వేతపత్రం నుంచి స్వేదపత్రం దాకా

మన దగ్గర ప్రభుత్వం మారినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. "పాతవాళ్లు ఖజానా ఖాళీ చేసి పోయారు" అని కొత్తగా వచ్చినవారు అంటారు. "మేము బాగానే అప్పగించాం, చేతకాక మా మీద తోస్తున్నారు" అని దిగిపోయినవారు అంటారు. ఈ తగవుకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆదివారం డార్మిటరీల్లో కూడా పార్టీలుగా విడిపోయి ఈ విషయం మీద గొంతు చించుకునే సోదరులు ఉన్నారు. ఇంటి దగ్గర అమ్మకు వచ్చే పింఛను, రేషను బియ్యం, బోరు మోటారుకు కరెంటు, తమ్ముడి కాలేజీ ఫీజు అన్నీ ఆ ఖజానా నుంచే రావాలి కనుక ఇది మనకు పట్టని విషయం కాదు. అందుకే ఈ వారం ఆ చరిత్రను క్లుప్తంగా చెప్పదలచుకున్నాం.

ముందుగా లోటు అంటే ఏమిటో చూద్దాం. లోటు రెండు రకాలు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల వంటి రోజువారీ ఖర్చుకే ఆదాయం చాలకపోతే అది రెవెన్యూ లోటు. ప్రాజెక్టులు, రోడ్లతో సహా మొత్తం ఖర్చుకు ఎంత అప్పు తేవలసి వస్తుందో అది ద్రవ్య లోటు. మన భాషలో చెప్పాలంటే, బోరు వేయించడానికి అప్పు చేయడం వేరు, నెల సరుకులకు అప్పు చేయడం వేరు. బోరులో నీళ్లు పడితే అప్పు తీరుతుంది. తిండికి చేసిన అప్పు మళ్లీ అప్పునే పుట్టిస్తుంది.

1983 జనవరిలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలయింది. పేదవాడి కడుపు నిండింది, దాంతోపాటు సబ్సిడీ భారమూ పెరిగింది. 1994 డిసెంబరులో ఆయన మళ్లీ గెలిచి రెండు రూపాయల బియ్యాన్ని తిరిగి తెచ్చారు. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటానికి అది ఫలితం. అయితే ఎక్సైజు ఆదాయం పోయింది. ఒక చేత్తో సబ్సిడీ పెరిగి, మరో చేత్తో రాబడి తగ్గింది.

1995 సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996లో ఆర్థిక స్థితి మీద శ్వేతపత్రం విడుదల చేశారు. ఇక్కడ ఒక విశేషం ఉంది. అంతకుముందు ప్రభుత్వమూ తెలుగుదేశానిదే, అందులో ఆర్థిక మంత్రి కూడా ఆయనే. శ్వేతపత్రం వెనుకే కోతలు వచ్చాయి. 1996లో బియ్యం ధర కిలో 3 రూపాయల 50 పైసలయింది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. 1998లో ప్రపంచ బ్యాంకు సుమారు 54 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 1999లో విద్యుత్ బోర్డును విడగొట్టారు. 2000 సంవత్సరంలో కరెంటు చార్జీలు పెంచగా కాంగ్రెస్, వామపక్షాలు ఉద్యమించాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. లోటు అనే లెక్క కాగితం దాటి రోడ్డు మీదికి వచ్చిన రోజది.

2004 మేలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రమాణ స్వీకారం చేసి రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. ఖజానా ఎలా మోస్తుందని ఈసారి తెలుగుదేశం వారు అడిగారు. అయితే 2005లో లోటుకు పరిమితి విధిస్తూ రాష్ట్ర చట్టం వచ్చింది. ఆ రోజుల్లో పన్నుల రాబడి కూడా బాగా పెరగడంతో 2006-07లో రెవెన్యూ లోటు పోయి మిగులు కనిపించింది. 2008లో రెండు రూపాయల బియ్యం మళ్లీ వచ్చింది. గమనించండి: పథకాన్ని తెచ్చింది తెలుగుదేశం, ధర పెంచింది తెలుగుదేశం, తిరిగి తగ్గించింది కాంగ్రెస్. అవతలివాడు ఇస్తే దుబారా, మనవాడు ఇస్తే సంక్షేమం అనే వాదన ఎంత బలహీనమో దీన్నిబట్టే తెలుస్తుంది.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. తెలంగాణ మిగులుతో మొదలయింది. ఆంధ్రప్రదేశ్ లోటుతో మొదలయింది. ఆ తొలి ఏడాది లోటు సుమారు 16 వేల కోట్లని రాష్ట్రం చెప్పింది. కేంద్రం మాత్రం 4,117 కోట్లే లెక్కగట్టింది. రైతు రుణమాఫీ వంటివి మీరు కొత్తగా పెట్టుకున్న పథకాలు, వాటి భారం మాది కాదన్నది కేంద్రం వాదన. ప్రత్యేక హోదా వివాదంతో పాటు ఈ తగవూ నడిచింది. చివరకు 2023 మేలో కేంద్రం మరో 10,460 కోట్లు విడుదల చేసింది. ఒకే ఏడాది లోటు లెక్క తేలడానికి తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట.

2023 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్ గెలిచింది. డిసెంబరు 20న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టి మొత్తం అప్పు 6,71,757 కోట్లన్నారు. నాలుగు రోజులకే కేటీఆర్ "స్వేదపత్రం" విడుదల చేసి, అప్పు సుమారు 3 లక్షల 17 వేల కోట్లే, అది చెమటోడ్చి ఆస్తులు సృష్టించిన డబ్బు అన్నారు. ఇంత తేడా ఎలా వచ్చింది? శ్వేతపత్రం లెక్కలోనే ప్రభుత్వం నేరుగా చేసిన అప్పు 3,89,673 కోట్లు. మిగిలినది కార్పొరేషన్ల పేరున ఉన్నది. కాళేశ్వరం ప్రాజెక్టుకు కూడా ఇలాగే ఒక కార్పొరేషన్ పెట్టి అప్పు తెచ్చారు. కార్పొరేషన్ అప్పును ప్రభుత్వ అప్పుగా లెక్కించాలా వద్దా అన్నదే అసలు తగవు. 2024 జులైలో చంద్రబాబు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ అప్పులు, బకాయిలు 9.74 లక్షల కోట్లని శ్వేతపత్రం ఇచ్చింది. వైఎస్సార్ కాంగ్రెస్ ఆ అంకెను ఒప్పుకోలేదు. అక్కడా ఇదే కథ.

మరి మనం పనిచేస్తున్న ఈ దేశంలో ఏం చేస్తారు? టోవా పాయో బస్ ఇంటర్‌చేంజి పక్కనున్న హెచ్‌డీబీ హబ్ భవనం మనలో చాలామంది చూసిందే. ప్రజలకు ఇళ్లు కట్టే ఆ సంస్థకు ఏటా లోటే. ధర తగ్గించి అమ్మడం, గ్రాంట్లు ఇవ్వడం వల్ల ఆ లోటు వస్తుంది. 2022-23లో అది 500 కోట్ల డాలర్లు దాటింది. ఆ లోటును ప్రభుత్వం తన నుంచి గ్రాంటు ఇచ్చి పూడుస్తుంది, ఏటా లెక్కల్లో చూపిస్తుంది. పైగా గత ప్రభుత్వాలు కూడబెట్టిన నిధిని రాష్ట్రపతి అనుమతి లేకుండా ముట్టకూడదని ఇక్కడి రాజ్యాంగం చెబుతుంది. సింగపూరుకు ఉన్న రాబడి మన రాష్ట్రాలకు లేదు, కాబట్టి అన్నీ పోల్చలేం. కానీ సబ్సిడీ ఇస్తున్నామని, దానికి ఇంత లోటని, ఇది ఫలానా పద్దులో ఉందని చెప్పడానికి డబ్బు అక్కరలేదు.

కనుక మిత్రులారా, ఈసారి శ్వేతపత్రం వచ్చినప్పుడు అంకె ఎంత పెద్దదని కాక మూడు ప్రశ్నలు అడుగుదాం. ఆ అప్పు దేనికి చేశారు, బోరుకా, తిండికా? ఎవరి పేరున చేశారు, ప్రభుత్వం పేరునా, కార్పొరేషన్ పేరునా? దాని వడ్డీ ఎవరి పథకంలోంచి కోస్తారు? ఏ పార్టీవాడైనా ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పాలి. ఎందుకంటే పార్టీలు మారినా అప్పు మారదు. కట్టేది ఊళ్లో ఉన్న మనవాళ్లూ, రేపు తిరిగి వెళ్లబోయే మనమూను.