రిజిస్టరుకెక్కని చరిత్ర

మన ప్రాంత చరిత్ర రాయబూనినవారెవరైనా మొదట శాసనాల దగ్గరికి పోతారు. అది న్యాయమే. నెల్లూరు జిల్లాకు ఆ సౌకర్యం మరింత ఉన్నది. బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు ఈ జిల్లాలోని రాగిరేకులనూ రాతిశాసనాలనూ సేకరించి 1905 లో మూడు సంపుటాలుగా వెలువరించారు. ఆ సంపుటాలు తిరగవేస్తే ఎక్కువగా కనబడేది ఏమిటి? ఫలానా ప్రభువు ఫలానా దేవునికో బ్రాహ్మణునికో ఇచ్చిన నేల, దాని ఎల్లలు. అంటే శాసనమని మనం గౌరవంగా పిలిచేది చాలావరకు భూమి దస్తావేజే. మరి రాయీ రాగీ పోయి కాగితం వచ్చిన తర్వాతి రెండు వందల యేళ్ల దస్తావేజులను మన చరిత్రకారులు ఎందుకు ముట్టరు? వాటిని ప్లీడర్లకూ, దస్తావేజు లేఖరులకూ, భూముల బేరగాళ్లకూ ఎందుకు వదిలివేశారు? ఈ ప్రశ్న నాకు తరగతి గదిలో తట్టలేదు. ఒక సబ్‌రిజిస్ట్రారు కచేరీ వరండాలో తట్టింది.

నా దగ్గర చదువుకున్న యానాది కుర్రవాడొకడు నిరుడు వచ్చి, తమ పేట సంగతి చెప్పాడు. సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ నడుమ ఇరవై ముప్పై గుడిసెలు. చుట్టూ రొయ్యల గుంటలు పెరిగి పేట గట్టుదాకా వచ్చాయి. ఇప్పుడు ఆ గుడిసెల జాగా కూడా తమ కొనుబడిలోదేనని ఒకరంటున్నారు. “మీకు కాయితమేదీ అంటున్నారు సార్. మీకు పాత చేతిరాత చదవడం వచ్చు గదా, ఒకసారి రండి” అన్నాడు. తెలుగు ఎం. ఏ. చదివిన నాకు తాళపత్రం ముందు కూర్చునే అవకాశం ఎన్నడూ రాలేదుగాని, ఈ విధంగా ఆ చదువు అక్కరకు వచ్చింది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఒకటో పుస్తకంలో ఉంటాయి. రుసుము చెల్లించి అర్జీ పెట్టుకున్న ఏ మనిషైనా ఆ పుస్తకాన్నీ దాని సూచికలనూ చూడవచ్చునని అదే చట్టంలోని 57 వ సెక్షను చెబుతున్నది. ఆ హక్కు చట్టంలో ఎంత సులభంగా ఉన్నదో వరండాలో అంత సులభంగా లేదు. మూడుసార్లు తిరిగి, నాలుగోసారి పుస్తకాల దగ్గరికి చేరాము. సూచికలు రెండు విధాలు. మొదటిది రాసియిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లను బట్టి. రెండవది గ్రామాన్నీ ఆస్తినీ బట్టి. మొదటి సూచికలో మా కుర్రవాని తాత పేరుగాని, ముత్తాత పేరుగాని లేదు. ఉండడానికి వీలూ లేదు. కొన్నవాడు కాదు, అమ్మినవాడు కాదు, అప్పుకు తనఖా పెట్టినవాడూ కాదు. ఆస్తి చేతులు మారినప్పుడే ఆ పుస్తకం నోరు తెరుస్తుంది. నేలమీద ఊరికే బతికినవాని సంగతి దానికి అక్కరలేదు.

ఈ మౌనం యాదృచ్ఛికం కాదు. దాని పుట్టుక తెలుసుకుంటే ఆ సంగతి బోధపడుతుంది. ఇంగ్లీషు కంపెనీ ఈ తీరాన తొలుత నిలదొక్కుకున్న చోట్లలో ఆర్మగాన్, అంటే మన దుగరాజపట్నం, ఒకటి. 1626 లో అక్కడ వారి వర్తకస్థానం వెలిసింది. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639 లో దామెర్ల వేంకటాద్రి నాయకుని వద్ద సంపాదించిన అనుమతిపత్రమే చెన్నపట్నానికి పునాది. కాగితం విలువ కంపెనీకి ఆనాడే తెలుసు. 1801 లో కర్ణాటక నవాబు రాజ్యంతోపాటు నెల్లూరు కంపెనీ వశమైంది. మరుసటి యేడు, 1802 లో, ఇరవై అయిదవ రెగ్యులేషను శాశ్వత పైసలాను తెచ్చింది. పదిహేడవ రెగ్యులేషను దస్తావేజుల నమోదుకు జిల్లా కోర్టుల్లో రిజిస్టర్లు తెరిపించింది. వెంకటగిరి జమీందారుకు సన్నదు ఇచ్చిందీ, క్రయపత్రాలకు పుస్తకం తెరిచిందీ ఒకే సంవత్సరం, ఒకే ప్రభుత్వం. శిస్తు ఎవరివల్ల రావాలో తేల్చడం ఒక పని. భూమిని తాకట్టుకూ అమ్మకానికీ వీలైన సరుకుగా చేయడం రెండో పని. 1864 నాటి చట్టంతో స్థిరాస్తి పత్రాల రిజిస్ట్రేషను నిర్బంధమైంది. 1908 చట్టం నేటికీ నడుస్తున్నది. దున్నేవాడికి జమీందారుమీద కొద్దిపాటి రక్షణ కల్పించిన మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టమూ 1908 లోనే వచ్చింది. జమీందారీ రద్దుకు మాత్రం 1948 దాకా ఆగవలసి వచ్చింది.

ఇంత చెప్పి ఆ పుస్తకాలు కేవలం దోపిడీదారుల చిట్టాలని తోసివేస్తే పొరపాటు. వాటిలో రైతు గుండె చప్పుడు కూడా ఉన్నది. క్రయపత్రంలో ప్రతిఫలం ముట్టిన వైనం రాసే భాగం చదవండి. చేతికి రొక్కం ముట్టిందని ఎక్కడున్నది, పాత నోటుబాకీ కింద చెల్లుబెట్టుకున్నారని ఎక్కడున్నది వేరుచేసి లెక్కగడితే, ఒక ఊరిలో ఎన్ని ఎకరాలు అప్పుకింద పోయాయో ఆ ఊరివారే చెప్పలేనంత కచ్చితంగా తేలుతుంది. కూతురికి పసుపుకుంకుమల కింద ఇచ్చిన అరఎకరం అందులో ఉన్నది. వ్రాలు చేయగలిగినవారెందరు, వేలిముద్ర వేసినవారెందరు అన్న లెక్కా ఉన్నది. ఇవి ఏ కావ్యంలోనూ దొరకవు.

భాషావిద్యార్థికి అక్కడ మరో విశేషం ఎదురవుతుంది. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములనే అష్టభోగాలు విజయనగరం నాటి దానశాసనాల్లో అగ్రహారీకులకు ధారపోసిన హక్కులు. పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రార్కంగా అనుభవించమన్న మాటలూ అక్కడివే. ఇవాళ నాలుగంకణాల ఇంటిజాగా కొనుక్కున్న గుమాస్తా కాగితంలోనూ లేఖరి ఆ మాటలే రాస్తాడు. రాజులు పోయారు, వారి పలుకుబడి పోలేదు. సామాన్యుడికి రాజదానపు భాష దక్కిందని సంతోషించవచ్చు. కాని ఆ ఎనిమిది భోగాల్లో ఆ నేలను దున్నిన చేతుల ప్రస్తావన ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

మళ్లీ మా వెతుకులాటకు వస్తాను. పేర్ల సూచిక విఫలమైన తర్వాత గ్రామసూచిక పట్టుకొని, పేట చుట్టూ ఉన్న సర్వేనంబర్ల పత్రాలు ఒక్కొక్కటే చూశాము. ఎనభై యేళ్లు దాటిన ఒక మెట్టభూమి విక్రయం నకలు. సిరా గోధుమరంగుకు తిరిగింది. ఎవరు ఎవరికి అమ్మారన్నది మాకు సంబంధం లేనిది. చివర హద్దులున్నాయి. తూర్పు: యానాదుల గుడిసెలు. రెండే మాటలు. కుర్రవాడు ఆ పంక్తిమీద వేలుపెట్టి కొంతసేపు తీయలేదు. పేర్లు లేవు, సంఖ్య లేదు. ఒకని ఆస్తి ఎక్కడ అంతమవుతుందో చెప్పడానికి మాత్రమే వాళ్ల ముత్తాతలు అవసరమయ్యారు. అయినా ఆనాటికే అక్కడ ఉన్నారని, వారి శత్రువుల కాగితమే సాక్ష్యం చెప్పింది.

నకలు తీసుకొని ప్లీడరుకు చూపాము. ఇతరుల మధ్య జరిగిన పత్రంలోని హద్దులు స్వత్వానికి రుజువు కావనీ, నివాసానికి ఊతంగా వాడి చూడవచ్చుననీ ఆయన నిష్కర్షగా చెప్పాడు. ఆ రాత్రి పేటలో కుర్రవాని అవ్వ ఈ మాట విని, “అబ్బయ్యా, వాళ్ల కాయితంలో మనముండాం, మన కాయితంలో మనం లేం” అన్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఆమె ఒక్కమాటలో చెప్పింది.

ఇది ఒక్క పేట కథ కాదు. శ్రీహరికోట దీవిని 1835 లో కంపెనీ ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకున్నది. అడవి ఫలసాయం సేకరించి ఇచ్చే కూలీలుగా యానాదులు మిగిలారు. 1969 లో అంతరిక్ష కేంద్రానికి ఆ దీవిని ఎంపికచేశారు. శాస్త్రవిజ్ఞానం మీద మనకు వైరం లేదు. కాని భూసేకరణలో పరిహారం హక్కు చూపగలిగినవారి వెంట పోతుంది. తరతరాల నివాసం తప్ప వేరే హక్కు లేనివాడు ఏమి చూపగలడు?

కాగితాన్ని గట్టి చేస్తే సమస్య తీరుతుందనేవారున్నారు. మన రాష్ట్రంలో 1998 లో రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటర్లు వచ్చాయి. వెతకడం తేలికైంది, పుస్తకంలో లేనివాడు మాత్రం కంప్యూటరులోనూ లేడు. రిజిస్ట్రేషను జరిగినంత మాత్రాన స్వత్వానికి ప్రభుత్వం పూచీపడదు. ఆ పూచీ కల్పించాలన్న భూహక్కుల చట్టం 2023 లో అమలుకు వచ్చి, తీవ్ర వివాదం నడుమ 2024 లో రద్దయింది. దాని మంచిచెడ్డలు ఎట్లున్నా, రికార్డు అసంపూర్ణమైనప్పుడు దానికి తిరుగులేని బలమివ్వడమంటే ఆ అసంపూర్ణతకే బలమివ్వడం. దీనికి భిన్నమైన దారి ఒకటి మన చట్టాల్లోనే ఉన్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టం కింద చేసిన నియమాలు పెద్దల వాఙ్మూలాన్ని రాసుకొని సాక్ష్యంగా స్వీకరించమన్నాయి. అది అడవి భూములకే పరిమితం. కాలువగట్టు పేటకు వర్తించదు. ఐతే సూత్రం మాత్రం అంగీకృతమైనది: జ్ఞాపకం కూడా దస్తావేజే.

కాబట్టి విద్యార్థిమిత్రులకూ తోటి ఉపాధ్యాయులకూ నా మనవి ఇది. శాసనాలు చదవండి, అక్కడ ఆగకండి. మీ ఊరి ఒకటో పుస్తకం చూడడానికి మీకు హక్కున్నది, వాడుకోండి. దాత పేరు, గ్రహీత పేరు దాటి హద్దుల దగ్గరికి వెళ్లండి. అక్కడ మాలపల్లె ఉంటుంది, చాకలి చెరువుంటుంది, యానాదుల గుడిసెలుంటాయి. ఆ మాటను పట్టుకొని ఆ పేటకు నడిచి, బతికివున్న అవ్వలు చెప్పింది తేదీ వేసి, సాక్షులతో రాసిపెట్టండి. మేము ఆ పని మొదలుపెట్టాము. ఇంతవరకు పదకొండుమంది వాఙ్మూలాలు రాసుకున్నాము. వాటి కింద వేలిముద్రలే ఎక్కువ. మొదటి వ్రాలు మాత్రం మా కుర్రవానిది.